నడిమిన నిలబడిన ముల్లు

పుష్పకుమారి టీచరు తడిసిన గొడుగు చేత్తో పట్టుకుని స్టేషను మాస్టరు గదిలోకి వచ్చి, "ఈ పెట్టెలు బాగుచేసే మేస్త్రి మీరేనా?" అని అడిగేసరికి, ఈవిడెవరో బండి తప్పిపోయి పోట్లాటకు వచ్చిందనే అనుకున్నాడు హజరత్తయ్య. అరవై మూడో సంవత్సరం, అక్టోబరు వానలు. బళ్ళన్నీ ఆలస్యంగానే నడుస్తున్నాయి. కావలి స్టేషనులో ఆ వారమంతా తిట్లు తినని ఉద్యోగి లేడు.

"నేనే గానీ, బళ్ళ సంగతి నాకు తెలీదమ్మా. నాది పెట్టెల పని" అన్నాడు, చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టకుండానే.

"నాకూ పెట్టెల సంగతే కావాలండీ" అంది ఆమె, బల్ల పక్కన నిలబడి.

హజరత్తయ్యకు యాభై అయిదేళ్ళు. అందులో ముప్ఫై ఏళ్ళు ఆ పెట్టెలతోనే గడిచాయి. అప్పటికి ఆ దారిలో ఉన్నది ఒంటి లైను. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా ఈ స్టేషనుకూ పక్క స్టేషనుకూ మధ్య కబురు నడిపేవి ఆ పెట్టెలే. ముందు వైపున గడియారానికున్నట్టు గుండ్రటి అద్దం, అందులో ఒకే ఒక ముల్లు. దాన్ని ఎప్పుడూ ఎవరూ వచ్చి చూపించమని అడగలేదు. అందుకే కాస్త బిడియపడుతూనే వివరించాడు.

"ఇదిగో, ఇట్టా నిటారుగా నిలబడి ఉంటే లైను మూసి ఉండాదని, అంటే మధ్యలో ఏ బండీ లేదని. కుడికి వాలితే బండి వస్తా ఉండాదని. ఎడమకు వాలితే మన దగ్గర్నుంచి పోతా ఉండాదని."

"మూడే స్థితులా?"

"మూడేనమ్మా. నాలుగోది కనపడిందంటే నా ఉద్యోగం పోతుంది."

"ఎట్టా వాలుతుంది మరి?"

"కరెంటు ఈ పక్క నుంచి పంపితే కుడికి. తీగెలు మార్చి ఆ పక్క నుంచి పంపితే ఎడమకు. అసలు పంపకపోతే నిటారుగా ఉంటుంది."

ఆమె మొహం వెలిగిపోయింది. సంచిలోంచి ఒక ఇంగ్లీషు పత్రిక తీసి, మడత పెట్టిన పేజీ విప్పి బల్ల మీద పరిచింది. అందులో బీరువాల వరస లాంటి యంత్రం బొమ్మ. "ఇది మాస్కో విశ్వవిద్యాలయంలో ఉండే లెక్కల యంత్రం. లోకంలో మిగతా యంత్రాలు రెండింటితోనే లెక్కలు చేస్తాయి. దీపం వెలిగిందా, ఆరిందా, అంతే. ఇది మాత్రం మూడింటితో చేస్తుంది. ఇటు కరెంటు, అటు కరెంటు, ఏదీ లేకపోవడం. మేస్త్రి గారూ, మాస్కో వాళ్ళు అయిదేళ్ళ కింద కనిపెట్టిన దాన్ని మీరు ముప్ఫై ఏళ్ళుగా చేస్తా ఉండారు!"

హజరత్తయ్య ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు. "గట్టిగా అనబాక తల్లీ. నాది సర్కారు ఉద్యోగం. మాస్కోకూ నాకూ ఏం సంబంధం?"

ఆమె నవ్వింది. తరవాత వచ్చిన పని చెప్పింది. ఊళ్ళోని ఆడపిల్లల హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు. జనవరిలో నెల్లూరులో జిల్లా విజ్ఞాన ప్రదర్శన. తన స్కూలు ఫైనలు పిల్లలు నలుగురితో మూడింటితో లెక్క చేసే యంత్రం ఒకటి చేయించాలని ఆమె కోరిక. లెక్క తనకు తెలుసు. తీగె చుట్టడం తెలియదు.

"రైల్వే సామాను ఒక్క మేకు కూడా బయటికి పోదు" అన్నాడు హజరత్తయ్య.

"సామాను వద్దండీ. మీ చేతులు కావాలి."

ఆ మాట ఆయనకు నచ్చింది. నచ్చినట్టు కనపడకుండా, "ఇంట్లో అడగాల" అని తప్పించుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ప్రార్థన ముగించుకుని, ఆమె నేరుగా ఆయన ఇంటికే వచ్చింది. తోడుగా ఒక పిల్ల. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. పేరు పెంచలమ్మ. అల్లూరు దగ్గరి రైతుబిడ్డ, కావలిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. హజరత్తయ్య భార్య వెంకటశేషమ్మ అరుగు మీద చింతపండు తూస్తోంది. టీచరు ఆమె త్రాసునే అడిగి తీసుకుంది. సంచిలోంచి ఇసుక నింపి కుట్టిన నాలుగు గుడ్డమూటలు తీసింది. ఒకటి ఒక తులం, ఒకటి మూడు, ఒకటి తొమ్మిది, ఒకటి ఇరవై ఏడు.

"ఈ నాలుగింటితో ఒకటి నుంచి నలభై తులాల దాకా ఏ బరువైనా తూచొచ్చు" అంది.

హజరత్తయ్య మూటల్ని అటూ ఇటూ చూశాడు. "రెండు తులాలు ఎట్టా తూస్తారు? రెండు తులాల మూట లేదే."

పుష్పకుమారి జవాబు చెప్పేలోగా వెంకటశేషమ్మ చెయ్యి చాపింది. మూడు తులాల మూట ఒక తట్టలో వేసింది. చింతపండు ఉన్న తట్టలో ఒక తులం మూట వేసింది. "ఇట్టా. రాయిని సరుకు పక్కన పడేస్తే సరి. దీనికి చదువెందుకు?"

టీచరు చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అంతేనండీ! మూట ఈ తట్టలో ఉంటే కుడి. సరుకు తట్టలో ఉంటే ఎడమ. ఏ తట్టలోనూ లేకపోతే నిటారు. ఒక్కో మూటకు ఒక్కో ముల్లు. నాలుగు ముళ్ళతో నలభై దాకా ఏ అంకైనా రాయొచ్చు. ఇరవై అయిదు కావాలంటే ఇరవై ఏడు కుడికి, మూడు ఎడమకు, ఒకటి కుడికి, తొమ్మిది నిటారుగా."

హజరత్తయ్య వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఇరవై ఏడులోంచి మూడు పోతే ఇరవై నాలుగు. ఒకటి కలిపితే ఇరవై అయిదు. మళ్ళీ వేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ తుడిచి, నూనె వేసి, తిట్టి, బుజ్జగించి నడుపుకుంటూ వచ్చిన ముల్లుకు ఇంత లెక్క వచ్చని ఆయనకు ఇంతవరకూ తెలియదు. పెళ్ళాం తనకంటే ముందే పట్టేసిందన్న ఉడుకుమోత్తనం కూడా కొంచెం లేకపోలేదు.

"శనివారం మధ్యాహ్నాలు నాకు తీరిక" అన్నాడు.

*

అలా మొదలైంది. హెడ్మాస్టరమ్మ మగ్దలీనమ్మ గారు బడి వెనక గది తాళం ఇచ్చింది. టీ పెట్టెల చెక్కతో నాలుగు డబ్బాలు చేశారు. ఆడపిల్లలు నలుగురూ దారానికి అలవాటుపడ్డ వేళ్ళతో రాగి తీగెను చుట్టలు చుట్టారు. సన్నగా, వరస తప్పకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాళ్ళు చుట్టిన ఒక్కో చుట్టనూ హజరత్తయ్య వెలుగులోకి ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. తన కింద పనిచేసిన మగవాళ్ళలో అలా చుట్టినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

యంత్రం పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. డబ్బా డబ్బాకూ రెండు మీటలు, మొదటి అంకెకు ఒకటి, రెండో అంకెకు ఒకటి. మీట కుడికి తిప్పితే ఒక టార్చి బ్యాటరీ ముల్లును ఒక గడి కుడికి నెడుతుంది, ఎడమకు తిప్పితే ఒక గడి ఎడమకు. నిటారుగా వదిలేస్తే ఏమీ చెయ్యదు. రెండు మీటల బలమూ కలిసి ముల్లును ఎక్కడ నిలబెడితే అదే ఆ స్థానంలో జవాబు. అయితే రెండూ ఒకే పక్కకు తోస్తే ముల్లు ఎర్రగీత దాటి రెండో గడికి పోతుంది. అప్పుడు డబ్బా ముందు కూర్చున్న పిల్ల మూడో మీట తిప్పాలి. అది తిప్పగానే తన ముల్లు మూడు గడులు వెనక్కి వస్తుంది, పక్క డబ్బాలో గంట మోగుతుంది, అక్కడి ముల్లు ఒక గడి జరుగుతుంది. ఒక స్టేషను పక్క స్టేషనుకు బండిని అప్పగించినట్టే.

పిల్లలు ఆ డబ్బాలకు స్టేషన్ల పేర్లే పెట్టుకున్నారు. మొత్తం యంత్రానికి పేరు పెట్టింది మాత్రం పెంచలమ్మ. మాస్కో యంత్రానికి అక్కడ దగ్గర్లో పారే చిన్న ఏరు పేరు పెట్టారని టీచరు చెప్పగానే, "అయితే మన దానికి మా ఊరి ఏరు, పైడేరు" అంది.

గొడవ వచ్చింది ఒక్క చోటే. డిసెంబరులో ఒక శనివారం డబ్బాలు చూస్తూ, "ప్రతి డబ్బాకూ ఇంకో బొత్తాం కావాల" అన్నాడు హజరత్తయ్య.

"దేనికండీ?"

"పలకరించేదానికి. ముల్లు నిటారుగా ఉండాదనుకోండి. అది సున్నా అయి నిలబడిందా, లోపల తీగె తెగి నిలబడిందా? ఈ బొత్తాం నొక్కితే ఇంకో బ్యాటరీ తగులుతుంది. ముల్లు ఒకసారి కదిలి మళ్ళీ నిలబడితే అది సున్నా. కదలకపోతే తెలీదని అర్థం."

"లెక్కలో మూడే విలువలు మేస్త్రి గారూ. ఒకటి, సున్నా, రుణం ఒకటి. 'తెలీదు' అనేది ఇందులో లేదు."

"మీ లెక్కలో లేకపోవచ్చు. నా పెట్టెలో ఉండాది."

ఎందుకంత పట్టుదల అని ఆమె అడిగితే పాత సంగతి చెప్పాడు. నలభై రెండో సంవత్సరంలో వేరే లైనులో, ఒక చిన్న స్టేషనులో పనిచేస్తుండగా ఒక మధ్యాహ్నం ముల్లు నిటారుగా నిలబడి ఉంది. లైను ఖాళీ, గూడ్సు వదిలేద్దాం అన్నాడు మాస్టరు. హజరత్తయ్య పెట్టెను తట్టి చూశాడు. ముల్లు ఉలకలేదు, పలకలేదు. "ఇది లైను ఖాళీ అని చెప్పటం లేదు సార్, అసలేమీ చెప్పటం లేదు" అని అడ్డం పడ్డాడు. మనిషిని సైకిలు మీద పక్క స్టేషనుకు పంపి కనుక్కునేదాకా గూడ్సు గంటసేపు ఆగిపోయింది.

పెంచలమ్మ తీగె చుట్టడం ఆపేసి, "ఎదురుగా బండి వస్తా ఉండిందా మేస్త్రి తాతా?" అంది.

"లేదు. ఏ బండీ లేదు. ఎక్కడో తాటిమట్ట పడి తీగె తెగింది, అంతే. పైవాళ్ళు నన్ను చెడ తిట్టినారు."

"మరి?"

"మరేముంది? ఇంకోసారి అట్టా అయినా ఆపుతాను."

టీచరు ఒక డబ్బాను దగ్గరికి లాక్కుని ముల్లును చూసింది. ఆ తరవాత అంది. "తర్కంలో పూర్వం నుంచీ అవును, కాదు అని రెండే. పోలండు దేశంలో ఒక పండితుడు నలభై ఏళ్ళ కింద మూడోది ఒకటి చేర్చినాడు. రేపు జరగబోయేదాన్ని ఇవాళే అవుననలేం, కాదనీ అనలేం, దానికి ఇంకో విలువ ఉండాలి అన్నాడు."

"దానికి పండితుడు కావాలా? బండి ఎప్పుడొస్తుందని అడిగితే మా మాస్టరు రోజూ చెప్పే జవాబు అదేగా!"

పిల్లలు పగలబడి నవ్వారు. బొత్తాలు పెట్టారు.

*

జనవరిలో ఒక ఉదయం పాసింజరు బండిలో నెల్లూరు చేరారు. డబ్బాల్ని గార్డు పెట్టెలో వేసి, హజరత్తయ్య సెలవు పెట్టి మరీ వాటి పక్కనే కూర్చున్నాడు. స్టేషను నుంచి రెండు జట్కాల్లో ప్రదర్శన జరిగే హైస్కూలుకు తీసుకుపోయారు. ఆ ఊరి గతుకులకు ఒక జట్కా చక్రం గుంటలో పడినప్పుడల్లా హజరత్తయ్య కళ్ళు మూసుకున్నాడు.

హాల్లో వాళ్ళ బల్ల పక్కనే నెల్లూరు అబ్బాయిల బల్ల. వాళ్ళదీ లెక్కల యంత్రమే. రెండు వరసల దీపాలు, వెనక టిక్కు టిక్కుమనే రిలేలు, అంటే కరెంటు తగిలితే వాటంతట అవే పడే స్విచ్చులు. స్విచ్చులు వేస్తే చాలు, దీపాలు వాటంతట అవే వెలిగి ఆరి కూడిక జవాబు చూపిస్తాయి. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. వాళ్ళ మాస్టరు రమణయ్య సంతోషంగా అందరికీ వివరిస్తున్నాడు. హజరత్తయ్య ఆ యంత్రం వెనక్కి వెళ్ళి వంగి చూసి, తీగెలు కట్టిన పొందికకు మనసులోనే దండం పెట్టుకున్నాడు. తిరిగొచ్చి టీచరుతో గుసగుసగా, "వాళ్ళది బాగుంది" అన్నాడు. "చాలా బాగుంది" అంది ఆమె కూడా దిగులుగా.

పదకొండింటికి న్యాయనిర్ణేత వచ్చాడు. మద్రాసులో ఇంజనీరింగు కాలేజీ ప్రొఫెసరు, పంచెకట్టు, తెలుగువాడే. యంత్రాల్ని పిల్లలే నడపాలి, పెద్దవాళ్ళు తాకకూడదు అన్నది షరతు. హజరత్తయ్య చేతులు రెండూ వెనక్కి కట్టుకుని జనంలో నిలబడ్డాడు.

ప్రొఫెసరు అబ్బాయిల యంత్రానికి కూడికలు మూడిచ్చాడు. మూడూ దీపాలు ఠక్కున చెప్పాయి. "ఇరవై అయిదులోంచి ముప్ఫై ఎనిమిది తీసెయ్యండి" అన్నాడు. రమణయ్య గారి పిల్లవాడు నిజాయితీగా, "తీసివేత ఇంకా కట్టలేదు సార్. దానికి వేరే తీగెలు కట్టాలి" అన్నాడు. ప్రొఫెసరు తలూపి, రెండడుగులు పక్కకు జరిగి, "మీరు?" అన్నాడు.

ఆడపిల్లలు మొహాలు చూసుకున్నారు. పెంచలమ్మ, "చేస్తాం సార్" అంది. "ముప్ఫై ఎనిమిదికి మీటలు ఎట్టా పెట్టాలో అట్టా కాకుండా తిరగేసి పెడతాం. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. అప్పుడది రుణం ముప్ఫై ఎనిమిది అయిపోతుంది. ఇక కూడికే. వేరే తీగెలు అక్కర్లేదు."

మీటలు తిప్పారు. ఒకట్ల డబ్బాలో ముల్లు ఎర్రగీత దాటింది. అక్కడి పిల్ల మూడో మీట తిప్పింది. గంట మోగింది. ముల్లు వెనక్కి వచ్చి ఎడమ గడిలో ఆగింది. మూళ్ళ డబ్బాలోనూ ఎడమే. తొమ్మిదుల డబ్బా పెంచలమ్మది. అక్కడ ముల్లు నిటారుగా ఉంది. ఇరవై ఏడుల డబ్బాలో కూడా ముల్లు నిటారుగా ఉంది. అక్కడి పిల్ల బొత్తాం నొక్కి, ముల్లు కదిలి నిలబడగానే "సున్నా" అంది.

పెంచలమ్మ బొత్తాం నొక్కింది. ముల్లు కదల్లేదు. మళ్ళీ నొక్కింది.

"సున్నాయేనా?" అన్నాడు ప్రొఫెసరు.

"కాదు సార్."

"అయితే కుడా, ఎడమా?"

"కాదు సార్."

"ముల్లు నిటారుగానే కనపడుతోంది కదమ్మా. సున్నా అవునో కాదో ఒక్కమాటలో చెప్పు."

హాలంతా పిల్ల వైపే చూస్తోంది. పుష్పకుమారి చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. జట్కా, గుంట, తీగె అన్నీ ఒక్కసారిగా హజరత్తయ్య కళ్ళ ముందు కదిలాయి. సున్నా అనేసెయ్ తల్లీ అని ఒక్క క్షణం ఆయనకే అనిపించింది.

"తెలీదు సార్" అంది పెంచలమ్మ.

వెనక ఎవరో ఇకిలించారు. మరో ఇద్దరు అందుకున్నారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు మారలేదు. "ముల్లు పలకటం లేదు. లోపల ఏదో ఊడింది. చూసి చెప్తాను, ఒక్క నిమిషం."

డబ్బా తిప్పి వెనక చెక్క తీసింది. హజరత్తయ్య చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి. వాటిని మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. ఎడమ మూల, కింద బ్యాటరీ దగ్గర, అని అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. పెంచలమ్మ తీగెల్ని ఒక్కొక్కటే వేలితో లాగి చూసింది. నాలుగోది చేతికి వచ్చేసింది. దాని కొసను పంటితో గీకి, బిగించి మెలితిప్పి, చెక్క పెట్టేసింది. పెట్టీ పెట్టకముందే ముల్లు ఊగి ఎడమకు వాలింది. బొత్తాం నొక్కింది. ముల్లు కదిలి మళ్ళీ ఎడమకే వచ్చింది.

"ఎడమ సార్! తొమ్మిది ఎడమ, మూడు ఎడమ, ఒకటి ఎడమ, ఇరవై ఏడు సున్నా. తొమ్మిదీ మూడూ ఒకటీ పదమూడు. అన్నీ ఎడమే కాబట్టి రుణం పదమూడు."

ప్రొఫెసరు ఇకిలించిన వైపు తిరిగాడు. "ఇందాక ఈ అమ్మాయి సున్నా అనుంటే జవాబు రుణం నాలుగు అయ్యేది. అదే నమ్మి మనమందరం చప్పట్లు కొట్టేవాళ్ళం" అన్నాడు. తరవాత బల్ల మీదికి వంగి, "ఈ బొత్తాం ఎవరి ఆలోచన?" అని అడిగాడు.

నలుగురు పిల్లలూ, టీచరూ ఒకేసారి వేలు చూపించారు. హజరత్తయ్యకు ఎటు చూడాలో తెలియలేదు.

బహుమతులు సాయంత్రం చెప్పారు. మొదటిది అబ్బాయిల దీపాల యంత్రానికి, రెండోది పైడేరుకు. పిల్లల మొహాలు చిన్నబోయాయి. ప్రొఫెసరు వేదిక దిగి వాళ్ళ బల్ల దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. రమణయ్యా, అబ్బాయిలూ చుట్టూ చేరారు.

"వాళ్ళ యంత్రం మనిషి చెయ్యి లేకుండా నడుస్తుంది, మీదాన్ని నలుగురు నడపాలి. అందుకే అట్లా ఇచ్చాను" అన్నాడు. "కానీ లెక్క చూడండి. నలభై దాకా అంకెలు రాయడానికి వాళ్ళకు ఆరు దీపాలు పట్టాయి. రుణమో ధనమో చెప్పాలంటే ఏడోది కావాలి. మీకు నాలుగు ముళ్ళు చాలినాయి. రుణానికి వేరే గుర్తే అక్కర్లేదు."

"అట్టాంటప్పుడు లోకమంతా రెండింటితోనే ఎందుకు పోతా ఉండాది సార్?" అన్నాడు హజరత్తయ్య, ధైర్యం తెచ్చుకుని.

"దీపానికి వెలగడం, ఆరడం తప్ప ఇంకో పని తెలియదు మేస్త్రి గారూ. అందుకే తయారుచెయ్యడం తేలిక, పొరపడడం తక్కువ. ముల్లు సరిగ్గా నడిమిన నిలబడాలంటే పక్కన మీలాంటివాడు ఒకడు కూర్చోవాలి. ఒక్కో యంత్రానికి ఒక్కో హజరత్తయ్యను ఎక్కడినుంచి తెస్తారు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో పిల్లల దిగులు కూడా కొట్టుకుపోయింది. రమణయ్య గారి అబ్బాయిల్లో ఒకడు పెంచలమ్మ డబ్బా వెనక్కి చేరి, మూడో మీటను మనిషి తిప్పకుండా తమ రిలేతో తిప్పించవచ్చేమో అని కొలతలు చూడడం మొదలుపెట్టాడు. పెంచలమ్మ వాడికి ముందు చేతులు కడుక్కు రమ్మంది.

*

ఆ వేసవికి ముందే నెల్లూరు నుంచి రమణయ్య తన పిల్లలతో రెండు ఆదివారాలు కావలి వచ్చాడు. రిలేలు తెచ్చాడు. హజరత్తయ్య చుట్టలు చుట్టించాడు. ఒక డబ్బాకు మూడో మీట తనంతట తాను తిరిగేట్టు చెయ్యగలిగారు. పది లెక్కల్లో ఎనిమిది సరిగ్గా వచ్చాయి. మిగతా రెండింటి గురించి రెండు స్కూళ్ళ వాళ్ళూ హాయిగా పోట్లాడుకున్నారు. అయిదో డబ్బా కూడా చేరింది, ఎనభై ఒకట్లది. దాని ముందు కూర్చునేందుకు తరగతిలోంచి ఇంకో పిల్ల వచ్చింది. ఇప్పుడు నూట ఇరవై ఒకటి దాకా లెక్క చెయ్యొచ్చు.

స్కూలు ఫైనలు పిల్లల ఆఖరి రోజున బడిలో చిన్న విందు. మగ్దలీనమ్మ గారు మేస్త్రి ఇంటికి కూడా కబురు చేసింది. వెంకటశేషమ్మ అలసంద వడలు గంపెడు చేసి నెత్తిన పెట్టుకుని వచ్చింది. శనివారం శనివారం మొగుడు మాయమైపోయే గది అదేనని ఆరోజే చూసింది. డబ్బాల చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఏదడిగినా చెప్తుందా?" అంది.

"లెక్క అయితే చెప్తుంది అవ్వా, అడుగు" అంది పెంచలమ్మ.

వెంకటశేషమ్మ మొగుడి వైపు తిరిగింది. "మన పెళ్ళయి ఎన్నేళ్ళయిందయ్యా?"

"ముప్ఫై అయిదు" అన్నాడు హజరత్తయ్య తడుముకోకుండా.

"ఇరవై ఎనిమిదో సంవత్సరంలో అయింది, మా నాయన పంచాంగంలో రాసి పెట్టినాడు. ఇప్పుడు అరవై నాలుగు. వెయ్యండి మే, మీ మీటలు."

అయిదుగురు పిల్లలు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. అరవై నాలుగు పెట్టారు. ఇరవై ఎనిమిది తిరగేసి పెట్టారు. గంట మోగింది. ఒక్కో ముల్లూ సద్దుకుని నిలబడింది. బొత్తాలు నొక్కి చూశారు. ఇరవై ఏడూ, తొమ్మిదీ కుడికి. మిగతా మూడూ నిటారు.

"ముప్ఫై ఆరు అవ్వా!"

"చూసినావా?" అంది వెంకటశేషమ్మ. "ఒక ఏడాది మింగేసినాడు."

"ఇది రెండో బహుమతి యంత్రమే. దాని మాట నమ్ముతావా?" అన్నాడు హజరత్తయ్య.

"నీకు అది కూడా రాలేదుగా" అందామె. గదంతా గొల్లుమంది. పుష్పకుమారి నవ్వి నవ్వి బల్ల మీద తల వాల్చేసింది. వెంకటశేషమ్మ గంప మీది గుడ్డ తీసి, ముందు పెంచలమ్మ చేతిలో రెండు వడలు పెట్టింది. పై చదువుకు ఏ గ్రూపు తీసుకుంటావని అడిగింది. లెక్కలు అంది పెంచలమ్మ. ఇంట్లో ఒప్పుకున్నారా అని అడిగింది. మా నాయన నిన్ననే కాలేజీ కాయితం మీద సంతకం పెట్టినాడు అవ్వా, అంది ఆ పిల్ల, నోటినిండా వడతో.